చూడకుండానే కొలిచే విద్య

నల్లగొండ జిల్లాలో మా చెరువు తూము గోడ మీద నీటిమట్టం చూసుకునేందుకు అడుగులు గీసిన పట్టీ ఒకటి ఉండేది. ఎన్నికలప్పుడు దాని మీద పార్టీ గుర్తు వేశారు, అవి ముగిశాక సున్నం కొట్టారు. అయినా కార్యాలయ రిజిస్టరులో మట్టం వారం వారం నమోదవుతూనే ఉంది, ఎప్పుడూ పదకొండు అడుగులే. చెరువు నడుమ గొర్రెలు మేసే మే నెలలోనూ పదకొండే.

ఇంతటి విద్య మన దగ్గర ఉండగా విదేశీ శాస్త్రజ్ఞులు పడే పాట్లు చూస్తే జాలి కలుగుతుంది. 1336 కిలోమీటర్ల ఎత్తు నుంచి సముద్రం మీదికి రాడార్ తరంగాన్ని పంపి, అది తిరిగి రావడానికి పట్టిన సమయాన్ని బట్టి మట్టం లెక్కగట్టే జేసన్-3 ఉపగ్రహాన్ని 2016లో పైకి పంపారు. అది చాలదన్నట్టు 2020లో సెంటినెల్-6ను పంపి, అదే కక్ష్యలో, పాతదానికి 30 సెకన్ల వెనుక ఏడాదికి పైగా నడిపించారు. అంత కొద్ది సేపట్లో సముద్రం మారదు కనుక, రెండు లెక్కలకూ తేడా వస్తే తప్పు నీళ్ళది కాదు, పరికరానిదేనని తేలుతుందట. ఏటా మూడు నాలుగు మిల్లీమీటర్లు పెరిగే మట్టాన్ని 1992 నుంచి తెగకుండా కొలుస్తున్న వరుసలో పాత లెక్కకు కొత్త లెక్క అతకాలంటే వేరే దారి లేదట. పై గడిలోని అంకెను కింది గడిలోకి దించుకుంటే అతకదా?

సరే, ఆ పద్ధతినే మా చెరువుకట్ట మీద అమలు చేద్దాం. బదిలీ మీద వెళ్ళే ఉద్యోగి ముందు, చార్జి తీసుకునే ఉద్యోగి 30 సెకన్ల వెనుక, తుమ్మకంప తప్పించుకుంటూ నడుస్తారు.

"సార్, ఎంత రాసిన్రు?"

"పదకొండు. నువ్వో?"

"నేనింకా నీళ్ళు చూడలే సార్."

"చూస్తే రాయలేవు. పద, చాయ తాగుదాం."

రెండు లెక్కలకూ వెంట్రుకవాసి తేడా రాలేదు. ఇంతటి పొందిక ఏ ఉపగ్రహాల జంటకూ సాధ్యం కాదు. 2022లో పైకి వెళ్ళిన స్వాట్ ఉపగ్రహం పదిహేను పదహారు ఎకరాల చెరువులను కూడా కొలవగలదని చెబుతున్నారు. అది పదకొండుకు తక్కువ చూపితే దానికి సంజాయిషీ నోటీసు తప్పదు.

కానీ ఆ పదకొండును నమ్మి ఆయకట్టు చివరన నాట్లు వేసినవాళ్ళున్నారు. పొట్టకొచ్చిన వరి నిలువునా ఎండిపోయింది. పరిహారం అడగబోతే, చెరువు నిండుగా ఉన్నట్టు రికార్డు ఉంది, ఎండిందంటే ఎట్లా అని వెనక్కి పంపారు. రాసినవాడికి సిగ్గు లేదు సరే, కింద సంతకం గీకిన పెద్దమనిషి ఒక్కనాడైనా కట్ట ఎక్కి చూశాడా? ఆ సంతకానికి నెలనెలా జీతం ఎందుకివ్వాలి?