పదివేల పౌండ్ల దొరగారికి

మహారాజశ్రీ కేన్ ప్రైజ్ దొరగారికి,

తెలుగు కథలతో పాటు, తమరు ఏటా పదివేల పౌండ్ల బహుమతిచ్చే ఆఫ్రికా రచయితల ఇంగ్లీషు కథలు కూడా చదివే ఒక పాఠకుడు నమస్కరించి రాయునది. ఇక్కడ మేమంతా క్షేమం. పాతికేళ్లు నిండిన తమరు లండన్‌లో క్షేమమేనని తలుస్తాను.

తమరి పేరు వినగానే మావాళ్లు, బ్యాట్‌మన్ సినిమాలో బట్లర్ వేషం వేసిన పెద్దాయన పెట్టిన బహుమతి అనుకుంటారు. ఆ మైకేల్ కేన్ వేరు, ఈ సర్ మైకేల్ కేన్ వేరు అని ఎప్పటికప్పుడు నేనే సర్ది చెప్తుంటాను. ఈయన బుకర్ కంపెనీ చైర్మన్, బుకర్ ప్రైజ్ నిర్వహణ కమిటీని దాదాపు పాతికేళ్లు నడిపిన మనిషి. 1999లో ఆయన పోతే, 2000లో ఆయన పేరు మీద తమరు పుట్టారు. బుకర్ కంపెనీకి మూలధనం గయానా చెరకు. ఆ దేశాన్నే ‘బుకర్స్ గయానా’ అని వెక్కిరించేవారట. అక్కడి తోటల్లో మొదట ఆఫ్రికా బానిసలు పనిచేశారు, తర్వాత మన దేశపు కూలీలు. మద్రాసు రేవులో ఓడెక్కిన వాళ్లలో తెలుగువాళ్లూ ఉన్నారు. ఈ లెక్కన తమరికీ మాకూ ఏదో దూరపు చుట్టరికం ఉంది. ఆ చనువుతోనే ఈ ఉత్తరం.

తమరి తొలి బహుమతి గుర్తుందా? 2000లో, జింబాబ్వేలోని హరారే పుస్తక ప్రదర్శనలో, సూడాన్ రచయిత్రి లైలా అబూలేలాకి ఇచ్చారు. కథ పేరు ‘ది మ్యూజియం’. స్కాట్లాండ్‌లో చదువుకుంటున్న సూడాన్ అమ్మాయి తోటి విద్యార్థితో కలిసి ఆఫ్రికా వస్తువుల మ్యూజియం చూడటానికి వెళ్తుంది. అద్దాల బీరువాల్లో దొరలు మోసుకొచ్చిన సామాన్లుంటాయి, దొరల గొప్పలుంటాయి. ఆ పిల్ల ఎరిగిన ఆఫ్రికా మాత్రం వెతికినా కనబడదు. తమరు పుట్టకముందే తమరి గురించి రాసిన కథ అది! పాపం తమరు పోల్చుకోలేక, చప్పట్లు కొట్టి బహుమతి చేతిలో పెట్టారు.

తర్వాత చాలా ఏళ్లు ఆక్స్‌ఫర్డ్ బోడ్లియన్ లైబ్రరీలో విందు పెట్టి విజేతను ప్రకటించారు. ఇంట్లో పెళ్లికి పొరుగూళ్లో పందిరి వేసినట్టు.

ఇక తమరి అభిరుచి. 2010లో, కర్రలతో కొట్టుకునే వీధిపిల్లల కథ. 2018లో, నైరోబీ వీధి బాలికల కథ. మధ్యలో 2011లో నోవయొలెట్ బులవాయో రాసిన జామకాయల దొంగల కథ: మురికివాడ పిల్లలు ఆకలికి ఆగలేక డబ్బున్నవాళ్ల పేటకెళ్లి జామకాయలు కోసుకుంటారు. చివర్లో ఒక ఆడమనిషి చెట్టుకి వేలాడుతూ కనబడితే, ఆవిడ బూట్లు అమ్మితే బ్రెడ్ కొనుక్కోవచ్చని వాళ్లకి తోస్తుంది. ఆ పేజీ చదివాక నాకు ఆ పూట అన్నం సహించలేదు. గొప్ప కథ, అందులో పేచీ లేదు. 2025లో పాతికేళ్ల విజేతలందరిలో దానికే మళ్లీ పట్టం కట్టారు, సంతోషం. కానీ ఈ వరసంతా చూసిన అమాయకుడికి, ఆఫ్రికాలో ఎవరూ ఆఫీసుకెళ్లరా, మొగుడూ పెళ్లాలు టీవీ రిమోట్ కోసం కొట్టుకోరా అని అనుమానం రాదూ? తమరి 2001 విజేత హెలోన్ హబిలాకే వచ్చింది. బులవాయో నవలని సమీక్షిస్తూ, జడ్జీలూ ప్రచురణకర్తలూ ఏజెంట్లూ కలిసి ‘కేన్ ప్రైజ్ తరహా’ అనేదాన్ని తయారుచేశారని ఆయన 2013లో రాసేశారు. ఆ 2013లోనే, అంతకుముందు 2002లో తమరి షార్ట్‌లిస్ట్‌లో ఉన్న నైజీరియా రచయిత్రి చిమమాండా అడిచీ కూడా, ఆఫ్రికా మంచి కథలకోసం తాను తమరి గుమ్మం తొక్కనని చెప్పేసింది. పెంచిన పిల్లలు తమరికి బాగానే బుద్ధి చెప్తున్నారు.

అందరికన్నా నాకు నచ్చినవాడు కెన్యా వాడు, బిన్యవంగా వైనైనా. 2002లో అతని కథ అచ్చులో కాక ఇంటర్నెట్‌లో వచ్చిందని తమరు మొదట కుదరదన్నారు. అచ్చువేసే పత్రికలు ఆఫ్రికాలో ఎక్కడున్నాయో చూపించమని అతను మండిపడ్డాడు. తమరు దిగొచ్చారు, అతను గెలిచాడు. మామూలు మనిషైతే ఆ డబ్బుతో కారు కొనుక్కునేవాడు. ఇతను స్నేహితులతో కలిసి 2003లో నైరోబీలో ‘క్వానీ?’ అనే పత్రిక పెట్టాడు. అందులో అచ్చయిన ఇవోన్ ఒవూర్ కథకి అదే ఏడాది తమరి బహుమతి వచ్చింది! ఇంత చేశాక కూడా ఊరుకున్నాడా? తమరికి జనం అనవసరంగా అంత పెద్దపీట వేస్తున్నారని 2014లో అతనే గట్టిగా విసుక్కున్నాడు.

2015లో జాంబియా రచయిత్రి నమ్వాలీ సెర్పెల్ ఇంకో అడుగు ముందుకేసింది. గెలిచిన డబ్బుని షార్ట్‌లిస్ట్‌లో మిగిలిన నలుగురితో పంచుకుంటానని ప్రకటించింది. రచయితల మధ్య తమరు పెట్టిన పరుగుపందెం తనకి నచ్చలేదన్నమాట.

భాష సంగతి కూడా అడగాలి. అరబిక్‌లో రాసిన కథకి 2017లో బహుమతి ఇచ్చారు, ఇంగ్లీషులోకి వచ్చాకే లెండి. రచయిత బుష్రా అల్ ఫాదిల్‌కి ఏడువేలు, అనువాదకుడికి మూడువేలు. అనువాదకుడికి వాటా ఇవ్వడం మాత్రం మెచ్చుకోవాల్సిందే, మా దగ్గర కవర్ మీద పేరు వేస్తేనే మహాభాగ్యం. కానీ గూగీ వా థియాంగో కెన్యా జైల్లో టాయిలెట్ పేపర్ మీద గికుయు భాషలో నవల రాస్తే, ఇక్కడ జైల్లో ఉన్న వరవరరావు దాన్ని తెలుగు చేశారు. ఆ రాకపోకలకి లండన్ విందు ఒక్కటీ అవసరం పడలేదు. అన్నట్టు, 2009లో తమరి షార్ట్‌లిస్ట్ దాకా వచ్చిన గూగీ కొడుకు ముకోమా, తమరి దగ్గర డైరెక్టర్‌గా ఉన్నావిడతోనే చేతులు కలిపి 2014లో స్వాహిలీ రచనలకి వేరే బహుమతి పెట్టాడు. మొదట డబ్బిచ్చింది కెన్యాలో ఇంటి పైకప్పు రేకులు చేసే కంపెనీ. తమరి ఆఫీసులో ఎవరికైనా టెన్షన్ పట్టుకుందా?

కనుక మనవి ఏమంటే, నిబంధనల్లో ఒక వాక్యం కలపండి: గెలిచినవారు పదివేల పౌండ్లనీ తమరికి ఇబ్బంది కలిగే పనికే ఖర్చు పెట్టాలి. పాత విజేతల్లో కొందరు చెప్పకుండానే ఆ పని చేశారు కాబట్టి అమలుకి కష్టమేమీ ఉండదు.

ఇట్లు,
తమరి షార్ట్‌లిస్ట్ కథలు ఉచితంగా డౌన్‌లోడ్ చేసుకుని చదివే ఒక తెలుగు పాఠకుడు