పడుకోబెట్టి తీసిన ఎక్స్‌రే

మా అమ్మ చీలమండ పాడై రెండేళ్ళయింది. అది ఫ్లోరైడ్ వల్ల కాదని తెలిసింది మాత్రం మొన్ననే. అప్పటి నుంచి కోపం తగ్గడం లేదు.

మాది నల్గొండ జిల్లా మర్రిగూడ వైపు. ఇక్కడ ఎవరికి కీళ్ళు నొచ్చినా ఒకటే మాట, "ఆ నీళ్ళే తాగి పెరిగినం కదా". అబద్ధమేమీ కాదు, నడుములు వంగిపోయినవాళ్ళను చూస్తూనే పెరిగాను. కానీ ఆ మాట అనేసి, కాలు ముట్టుకుని కూడా చూడకపోతే ఎట్లా?

అమ్మ నెత్తిన పత్తి మూటతో గట్టు దిగుతుంటే కాలు మడత పడింది. ఆ రోజు నాలుగడుగులు కూడా వేయలేకపోయింది. చీలమండ నొప్పితో అట్లా నడవలేకపోతే ఎక్స్‌రే తీయాల్సిందేనని, కెనడా డాక్టర్లు పెట్టిన ఒట్టావా రూల్స్ 1992 నుంచీ చెప్తున్నాయట. మేం "బెణికిందిలే" అని పసరు కట్టు కట్టించాం. వాపు తగ్గక తర్వాతెప్పుడో ఎక్స్‌రేకి తీసుకుపోతే, పడుకోబెట్టి తీసి, విరగలేదన్నారు. ఇక అన్నీ ఫ్లోరైడ్ నొప్పులే, నొప్పి గోలీలే. ఆమె కుడి చెప్పు లోపలి అంచు ఒక్కటే అరిగిపోయేది. మూడు జతలు కొన్నాం, ఎందుకట్లా అరుగుతోందని ఒక్కరం అడగలేదు.

హైదరాబాద్‌లో డాక్టర్ ముందు చెప్పులు విప్పించాడు. నిలబెట్టి, వెనక నుంచి మడమలు చూశాడు. ఎక్స్‌రే కూడా నిలబెట్టే తీయించాడు. కాలి రెండెముకలను పట్టి ఉంచే లిగమెంట్లు ఆ రోజే తెగాయి. బరువు పడ్డప్పుడల్లా మధ్యలో సందు విచ్చుకుంటోంది. పడుకున్నప్పుడు అది తెలియలేదు. ఆ రెండెముకల కింద కీలులో ఇమిడి ఉండే ఎముక (టాలస్) ఒక్క మిల్లీమీటరు బయటి పక్కకు జరిగినా కీలు ఆనే జాగా సగటున 42 శాతం తగ్గుతుందని 1976లోనే ఒక పరిశోధనలో తేలింది. అమ్మ రెండేళ్ళు ఆ మిగిలిన జాగా మీదే పత్తి ఏరింది. గుజ్జంతా అరిగిపోయింది.

మొదట్లోనే అయితే ఎముకలు సరిచేసి బిగిస్తే సరిపోయేదట! ఇప్పుడు మిగిలిన గుజ్జు గీకేసి, ఎముకలను స్క్రూలతో కలిపి అతికించేస్తారు. నొప్పి చాలావరకు పోతుంది, చీలమండ మాత్రం వంగదు. కీలు మార్పిడి అడిగాం. చేన్ల పని చేసే మనిషికి అది ఎక్కువ కాలం నిలవదన్నాడు.

మోకాళ్ళకు ఊరూరా క్యాంపులు పెడతారు. అక్కడ చెప్పులు విప్పమన్నవాళ్ళను నేను చూడలేదు. మీ ఇంట్లో ఎవరికైనా కాలు మడత పడి వారాలు గడిచినా వాపు పోకపోతే, ఎక్స్‌రే గదిలో నోరు తెరిచి అడగండి, నిలబెట్టి తీయమని.

ఆపరేషన్ వచ్చే నెల. ఇక గొంతుక్కూర్చోవడం కష్టమని, నిన్న మేస్త్రీని పిలిచి కమోడ్ పెట్టించాం.