నల్లమల కరక్కాయ ఉండగా సీసా మందెందుకు?

పళ్లు తోమి ఉమ్మినప్పుడు నెత్తురు కనపడితే చాలు, కర్నూలులోనైనా కడపలోనైనా చాలామంది నేరుగా మెడికల్ షాపుకు పోయి మౌత్ వాష్ సీసా తెచ్చుకుంటున్నారు. అందులో ఏముందో, ఎన్నాళ్లు వాడాలో అడిగేవారు తక్కువ. చిగుళ్ల వాపు తొలిదశలో ఉన్నవారికి రోజూ సరిగ్గా బ్రష్ చేసుకుని, త్రిఫల (కరక్కాయ, తానికాయ, ఉసిరికాయల పొడి) కషాయంతో పుక్కిలించడం చాలని నా గట్టి నమ్మకం. సర్కారు ఆసుపత్రులు కూడా ఆ మాటే చెప్పి, ఆ పొడే ఇవ్వాలి.

చిగుళ్ల జబ్బుకు మూలం పాచి. డెన్మార్క్‌లో 1965లో హరాల్డ్ లో (Löe) అనే దంత పరిశోధకుడి బృందం 12 మందిని పళ్లు తోముకోవద్దని చెప్పి గమనిస్తే, మూడు వారాల్లోపే అందరికీ చిగుళ్లు వాచాయి. మళ్లీ తోమడం మొదలుపెట్టిన వారం పది రోజుల్లో తగ్గిపోయాయి. పాచిని అలాగే వదిలేస్తే లాలాజలంలోని ఖనిజాలు చేరి గార కడుతుంది. గార ఏ పుక్కిలింతకూ పోదు, డాక్టరు దగ్గర స్కేలింగ్ చేయించుకోవాల్సిందే, అంటే గీకించుకోవాల్సిందే. స్కేలింగ్‌తో పళ్లు కదులుతాయన్నది వట్టి భయం. అనంతపురం పల్లెల్లో ఫ్లోరైడ్ నీళ్లు తాగి పెరిగినవారి పళ్ల మీది మచ్చలు కూడా పుక్కిలింతతో పోయేవి కావు.

ఇక కరక్కాయ, తానికాయ, ఉసిరికాయల సంగతి. నోట్లో వేసుకోగానే నాలుకను పట్టేసే ఆ వగరులోనే గుణమంతా ఉంది. వగరునిచ్చే టానిన్లు సూక్ష్మజీవులు పంటికి అంటుకోకుండా అడ్డుపడతాయి, వాచిన చిగుళ్లను బిగిస్తాయి. మన దేశంలోని దంత వైద్య కళాశాలల్లో జరిగిన పలు చిన్న ప్రయోగాల్లో పాచినీ వాపునూ తగ్గించడంలో త్రిఫల, డాక్టర్లు రాసే మౌత్ వాష్‌ల్లోని మందైన క్లోర్‌హెక్సిడిన్‌కు దాదాపు సమానంగా నిలిచింది. ఆ క్లోర్‌హెక్సిడిన్‌ను వారాల తరబడి వాడితే పళ్లు గోధుమరంగుకు తిరుగుతాయి, నాలుకకు రుచి తెలియదు. అందుకే డాక్టర్లు సాధారణంగా రెండు వారాలకు మించి రాయరు. మన జనం మాత్రం నెలల తరబడి వాడుతున్నారు.

చేసుకోవడం కష్టమేమీ కాదు. మూలికల అంగడిలో దొరికే త్రిఫల పొడి ఒక చెంచా గ్లాసు నీళ్లలో వేసి, సగానికి మరిగించి, వడగట్టి, గోరువెచ్చగా అర నిమిషం పుక్కిలించి ఉమ్మేయాలి. ఏ రోజుది ఆ రోజే కాచుకోవాలి. అదీ కుదరకపోతే గ్లాసు గోరువెచ్చని నీళ్లలో అర చెంచా ఉప్పు.

ప్రయోగాలు చిన్నవి, కొద్ది వారాలవి, క్లోర్‌హెక్సిడిన్‌కు దశాబ్దాల రుజువు ఉందన్నది దంత వైద్యుల అభ్యంతరం. నిజమే. చీము కారుతున్నా, పళ్లు కదులుతున్నా, షుగర్ ఉండి చిగుళ్లు కిందికి దిగుతున్నా డాక్టరు దగ్గరికి పోవాల్సిందే. నేను మాట్లాడుతున్నది ఆ దశకు రాకముందే ఆపగలిగే లక్షల మంది గురించి. వారికి ఖరీదైన సీసా అక్కర్లేదు.

అసలు నా బాధ ఇంకోటుంది. ఆ కరక్కాయ మన నల్లమలలోనే కాస్తుంది. చెంచులు కొండలెక్కి ఏరుకొచ్చిన కాయ గిరిజన సహకార సంస్థకో దళారికో పచ్చి సరుకుగా వెళ్లిపోతుంది. తర్వాత ఎక్కడో పొడిగా, పేస్టుగా, హెర్బల్ మౌత్ వాష్‌గా మారి మన అంగళ్లకే తిరిగొస్తుంది. ఏరినవారికి దక్కేది కూలి డబ్బు, లాభం రంగు లేబుల్ వేసినవారిది. మంగంపేట ముగ్గురాయి కథ ఇదే, అనంతపురం వేరుశెనగ కథ ఇదే. సీమలో పుట్టిన సరుకు సీమలో తయారీకి నోచుకోదు. కరువు ప్రాంతమని మనల్ని జాలిగా చూసేవారు ఈ లెక్క ఎన్నడూ తీయరు. ఆత్మకూరులోనో శ్రీశైలంలోనో చెంచు మహిళా సంఘాల చేతిలో ఒక పొడి తయారీ కేంద్రం పెట్టడానికి ఏం అడ్డం?

కడపలో ప్రభుత్వ దంత వైద్య కళాశాల ఉంది. తిరుపతిలో టీటీడీ ఆయుర్వేద కళాశాల ఉంది. రెండూ కలిసి మన రోగులతోనే ఏడాదిపాటు పెద్ద ఎత్తున త్రిఫల మీద ప్రయోగం జరపాలి. రుజువు చాలదనే మాటకు అక్కడే జవాబు దొరుకుతుంది. ఆ ప్రయోగానికి కావాల్సిన పొడిని చెంచుల దగ్గరే, వారు చెప్పిన ధరకు కొనాలి.