లియోన్ నగరం: ఒక జత బూట్లు దాటే గడపలెన్ని?

మెక్సికోలోని లియోన్ నగరంలో బస్సు దిగినవాళ్లకు తోలు బజారుకు దారి ఎవరూ చెప్పనక్కర్లేదు. బస్టాండు దాటి రోడ్డు మీదికి రాగానే ఆ వాసనే ముందు పలకరిస్తుంది. జోనా పియెల్ అని పిలిచే ఆ పేటలో ఎటు చూసినా బూట్లు, బెల్టులు, జాకెట్లు, చేతిసంచులు, గుర్రపు జీనుల దుకాణాలే. స్పానిష్‌లో ‘పియెల్’ అంటే మన ఒంటి చర్మమూ అవుతుంది, పదును చేసిన పశువు చర్మమూ అవుతుంది. తెలుగులో ‘తోలు’ అన్న మాట కూడా రెండింటికీ చెల్లుతుంది. 2020 జనగణన ప్రకారం లియోన్ పురపాలక ప్రాంత జనాభా 17 లక్షల పైచిలుకు. మెక్సికోలో తయారయ్యే పాదరక్షల్లో సుమారు 70 శాతం ఈ నగరం ఉన్న గ్వానహ్వాతో రాష్ట్రానివేనన్నది అక్కడి పరిశ్రమ చెప్పుకునే లెక్క.

ఇక్కడికి వచ్చే పర్యాటకుల్లో చాలామంది బేరమాడి ఒక జాకెట్టు కొనుక్కుని, గంటన్నర దూరంలోపే ఉన్న గ్వానహ్వాతో పట్టణపు రంగురంగుల మేడలు చూడటానికి వెళ్లిపోతారు. లియోన్‌ను అలా చౌక సంతగా చూసి వదిలేయడం నాకు అన్యాయంగా తోస్తుంది. ఇక్కడ చూడవలసింది సరుకు ఒక్కటే కాదు, ఆ సరుకు తయారీని ఊరంతా పంచుకున్న తీరు. ఎన్ని గండాలు వచ్చినా ఈ నగరాన్ని నిలబెట్టింది ఆ పంపకమే. అక్కడి నదినీ, ఇంటి దగ్గర కుట్టుపని చేసే ఆడవాళ్లనూ ఎవరి లెక్కలోకీ రాకుండా చేసింది కూడా అదే.

ఎల్ కోయెసియో అనే పాతపేటలో ఒక చిన్న తయారీశాలలోకి వెళ్లాను. ఇలాంటి ఇంటి కార్ఖానాలను స్థానికులు ‘పికా’ అంటారు. తోలు కోసే మనిషి బల్ల మీద పూర్తి తోలు పరిచి, కత్తి తీయకముందు చాలాసేపు బొటనవేలితో దాన్ని తడుముతూ ఉండిపోయాడు. పశువు బతికుండగా ముళ్లకంచె గీసిన గీత ఎక్కడుందో, గోమారి కుట్టిన మచ్చ ఎక్కడుందో వేలికే తెలుస్తుంది. వీపు భాగం బిగువుగా ఉంటుంది కాబట్టి బూటు ముందుభాగం అందులోంచి తీస్తాడు; పొట్ట భాగం సాగుతుంది కాబట్టి లోపలికి పోయే ముక్కలకు దాన్ని వాడతాడు. కొలబద్దకు దొరకని ఈ తెలివి మీదే ఒక తోలులోంచి ఎన్ని జతలు వస్తాయన్నదీ, యజమానికి మిగిలేదెంతన్నదీ ఆధారపడి ఉంటాయి.

కోసిన ముక్కలు మూటకట్టి అక్కడి నుంచి ఇళ్లకు పోతాయి. ‘పెస్‌పుంతె’ అంటే బూటు పైభాగాన్ని కుట్టడం. ఇందులో ఎక్కువమంది ఆడవాళ్లే. వీధి తలుపు పక్కన మిషను వేసుకుని, అంచులకు జిగురు రాసి, మడిచి, చిన్న సుత్తితో అణచి, ఆ మడత మీద కుట్టు వేస్తారు. కూలి జతల లెక్కన ముడుతుంది. కుట్టినవి మళ్లీ కార్ఖానాకు చేరితే, ‘ఓర్మా’ అనే పాదం ఆకారపు అచ్చు మీదికి ఎక్కించి, అడుగు అతికించి, మెరుగు పెట్టడానికి ఇంకొకరి చేతికి ఇస్తారు. పదకొండింటి వేళ పని ఆపి అందరూ తినేది ‘గ్వాకమాయా’. రొట్టెను చీల్చి, కరకరలాడే పంది చర్మం కూరి, మిరపకాయ పచ్చడి పోసి ఇచ్చే ఈ తిండి ఇక్కడి శ్రామికులకు బాగా అలవాటు.

ఈ పనివిభజన ఇవాళ్టిది కాదు. 1576 జనవరి 20న, చిచిమెకాలనే స్థానిక తెగల దాడుల నుంచి కాపుగా స్పానిష్ పాలకులు ఈ ఊరిని కట్టారు. దగ్గరలోనే గ్వానహ్వాతో వెండి గనులు. ఖనిజం మోసే సంచులకూ, నీళ్లు తోడే తిత్తులకూ, కంచర గాడిదల పట్టెడలకూ గనికి తోలు కావాలి. చుట్టూ ఉన్న బహీయో మైదానంలో పశువుల మందలున్నాయి. అయినా 19వ శతాబ్దంలో చాలాకాలం ఊరికి పేరు తెచ్చినవి ‘రెబోసో’ అనే ఆడవాళ్ల పైవస్త్రాలు. 1882లో రైలు వచ్చింది, దాని వెంట మిల్లు బట్ట వచ్చి మగ్గాలకు గిరాకీ తగ్గింది. 1888 జూన్‌లో వరద ఊరిలో పెద్ద భాగాన్ని తుడిచిపెట్టింది. ఆ తర్వాతి తరాలు బూట్ల పనిలోకి మళ్లాయి. ఇంట్లోనే చేసే పని, కుటుంబమంతా చెయ్యి వేసే పని అన్న మగ్గాల కాలపు అలవాటు మాత్రం చెక్కుచెదరలేదు.

ఆ అలవాటే గండం గడిచేలా చేసింది. చైనా పాదరక్షలను ఆపడానికి మెక్సికో 1993లో విధించిన ఆంటీ డంపింగ్ సుంకం (మరీ చౌకగా గుమ్మరించే దిగుమతులపై వేసే అదనపు పన్ను) కొన్ని రకాలపై 1,105 శాతం దాకా వెళ్లింది. ఆ గోడ 2011 చివరితో పూర్తిగా తొలగిపోయింది. పెద్ద ఫ్యాక్టరీకి ఆర్డర్లు తగ్గితే తాళం పడుతుంది. పికాకు తగ్గితే నాలుగు నెలలు మూసుకుని, వేరే మోడల్‌తో మళ్లీ తెరుచుకుంటుంది. 1990ల నుంచి పక్కనే ఉన్న సిలావోలోనూ, ఆ రాష్ట్రంలోని ఇతర పట్టణాల్లోనూ కార్ల కంపెనీలు వెలిశాయి. కొన్ని తోళ్ల కర్మాగారాలు కారు సీట్ల తోలుకు మళ్లాయి. నెల జీతం, వైద్య బీమా ఉన్న ఉద్యోగం దొరికితే యువత తోలు కోసే బల్ల దగ్గర కూర్చోవాలని ఎందుకు కోరుకుంటుంది? తోలును తడిమి చదివే ఆ వేలు తయారవడానికి ఏళ్లు పడుతుంది. నేర్చుకునేవాళ్లు కరువైతే ఏ సుంకమూ దాన్ని తిరిగి తేలేదు.

ఇక నది సంగతి. మన ఊళ్లలో పూర్వం లందలో తంగేడు చెక్క, కరక్కాయ వేసి వారాల తరబడి తోళ్లు నానబెట్టేవారు. క్రోమియం లవణాలతో తిరిగే పీపాలో ఆ పని ఒక రోజులో అయిపోతుంది. తీసిన తోలు లేత నీలం రంగులో, తడిగా, బరువుగా ఉంటుంది. పీపాలో మిగిలిన నీళ్లే అసలు సమస్య. సున్నం, సల్ఫైడు, క్రోమియం కలిసిన ఆ నీరు ఏళ్ల తరబడి తుర్బియో నది వైపు పోయింది. 1994-95 చలికాలంలో దిగువనున్న సిల్వా జలాశయంలో 20 వేలకు పైగా వలస పక్షులు చచ్చి తేలాయి. పురుగుమందన్నారు, రంగునీళ్లన్నారు. ఉత్తర అమెరికా స్వేచ్ఛా వాణిజ్య ఒప్పందంతో పాటు పుట్టిన పర్యావరణ సహకార సంఘం విచారణ జరిపి, శుద్ధి చేయని మురుగులో పెరిగిన బాక్టీరియా విషం వల్ల వచ్చే బొట్యులిజం ప్రధాన కారణమని తేల్చింది. పక్షుల్లో క్రోమియం వంటి లోహాల జాడలూ దొరికాయి. వందల పీపాల్లోంచి వచ్చిన నీరు ఒకే కాలువలో కలిశాక, ఏ పీపా నీరు ఏ పక్షిని చంపిందో చెప్పడం ఎవరి తరం? అవే పీపాలు నడవాలంటే మంచినీళ్లూ కావాలి. లియోన్‌కు వెర్దె నది నీళ్లు తేవాలని హాలిస్కో రాష్ట్రంలో తలపెట్టిన ఎల్ సపోతియో ఆనకట్ట వల్ల తెమకపులీన్ అనే ఊరికి ముంపు ముప్పు వచ్చింది. ఆ ఊరివాళ్లు ఏళ్ల తరబడి పోరాడి 2021లో ముంపు తప్పించుకున్నారు, దాంతో ఆ నీళ్ల మీద లియోన్ ఆశ వదులుకోవలసి వచ్చింది. ఆ ఊరివాళ్లది న్యాయమైన పట్టుదల అని నా నమ్మకం.

ఒక్క విషయంలో మాత్రం లియోన్‌ను చూసి మనం తల దించుకోవాలి. లంద పని చేసినవాళ్లను మన సమాజం ఊరి చివరికి నెట్టింది, వాళ్లు కుట్టిన చెప్పులు మాత్రం తొడుక్కుంది. తోలు పని కూలీలకు అక్కడా పేదరికం ఉంది, కానీ ఆ పనిని నగరం తన పేరుగా చెప్పుకుంటుంది, తోలు ప్రదర్శనలను ఊరి పండుగలా జరుపుకుంటుంది.

ఇప్పుడు మెక్సికో మళ్లీ గోడ కడుతోంది. మళ్లీ ఎగుమతి చేస్తామన్న పేరుతో సుంకం లేకుండా తెచ్చిన తయారైన బూట్లు దేశంలోనే అమ్ముడుపోతున్నాయని 2025 ఆగస్టులో ఆ వెసులుబాటును రద్దు చేసింది. వాణిజ్య ఒప్పందం లేని దేశాల సరుకులపై 50 శాతం వరకు సుంకాలు పెంచడానికి అదే ఏడాది డిసెంబరులో అక్కడి కాంగ్రెస్ ఆమోదం తెలిపింది. ఆ దేశాల్లో చైనాతో పాటు మన దేశమూ ఉంది. స్వదేశీ పరిశ్రమను కాపాడుకునే హక్కు మెక్సికోకు ఉంది. ఆ విషయంలో నాకు పేచీ లేదు. అయితే సరిహద్దు దగ్గర కాపాడిన ధర దుకాణం, యజమాని, మధ్యవర్తి అనే మూడు గడపలు దాటి మిషను ముందు కూర్చున్న మనిషి దాకా వస్తుందా అన్నదే ప్రశ్న. కాపుదల ఇచ్చే ప్రభుత్వం దానికి బదులుగా ఈ లెక్క అడగాలి.

అడగడానికి కొత్త చట్టమేమీ అక్కర్లేదు. నిజామాబాద్‌లో ఇంట్లో కూర్చుని బీడీలు చుట్టే మహిళను 1966 నాటి మన చట్టం కార్మికురాలిగా గుర్తించింది. ఆ గుర్తింపే గుర్తింపు కార్డుకూ, భవిష్య నిధికీ తలుపు తెరిచింది. అమలులో లోపాలు ఎన్నైనా ఉండవచ్చు, కానీ ఆమె పేరు ఒక పుస్తకంలో ఉంది. మెక్సికో కార్మిక చట్టంలోనూ ఇంటి దగ్గరే కూర్చుని ఇలా పని చేసేవారికి ప్రత్యేక అధ్యాయం ఉంది. పని ఇచ్చేవారు వాళ్ల పేర్లు రిజిస్టరులో రాసుకోవాలనీ, ఒక్కొక్కరికీ ఉచితంగా పనిపుస్తకం ఇవ్వాలనీ అందులో రాసి ఉంది. ఎల్ కోయెసియోలో నేను కూర్చున్న ఇంట్లో బూట్లు కుట్టే మహిళ మిషను పక్కన జిగురు డబ్బా, సుత్తి, నల్లదారపు కండెలు, కుట్టాల్సిన పన్నెండు జతల మూట ఉన్నాయి. ఎన్ని జతలు ఇచ్చిందో ఆమె గోడకు అతికించిన క్యాలెండరు మీద పెన్సిలుతో గీతలు గీసుకుంటోంది.