ఉచితాల లెక్క సరే, బిల్లుల లెక్కేది?

ఫిబ్రవరి, మార్చి నెలలొచ్చాయంటే మన టీవీ చర్చలకు ఒకటే సరుకు: రాష్ట్ర బడ్జెట్, అందులో ఉచితాలు. ఒకాయన అప్పులతో కుప్పకూలిన శ్రీలంక పేరెత్తుతాడు, ఇంకొకాయన పేదవాడి నోటి దగ్గర కూడు లాగేస్తారా అని లేస్తాడు. ఈలోగా బ్రేక్ వచ్చేస్తుంది. స్వేచ్ఛా మార్కెట్ వాదులుగా పేరుపడ్డవాళ్లు కూడా ఈ గోలలో పడి, నాలుగు పథకాల పేర్లూ వాటి పక్కన కోట్లూ చదివి ఊరుకుంటున్నారు. ఉచితాలకు హద్దుండాలన్న ఆ వాదనతో నేను చాలావరకు ఏకీభవిస్తాను. అందుకే దాన్ని ఇంత చవగ్గా వాడేస్తుంటే చిరాకేస్తుంది. ప్రభుత్వం చెల్లించకుండా ఆపిన బిల్లుల ఊసు ఈ చర్చల్లో ఎక్కడా ఉండదు.

ముందు అంకెలు చూద్దాం. 2025-26కు ఆంధ్రప్రదేశ్ ఆర్థిక మంత్రి పయ్యావుల కేశవ్ పెట్టిన బడ్జెట్ 3,22,359 కోట్లు. అందులో రెవెన్యూ ఖర్చు 2,51,162 కోట్లు, మూలధన వ్యయం 40,635 కోట్లు. తెలంగాణలో భట్టి విక్రమార్క పెట్టింది 3,04,965 కోట్లు, మూలధన వ్యయం 36,504 కోట్లు. అంటే రోడ్డుకో, కాలువకో, ఆస్పత్రి భవనానికో రూపాయిలో పదమూడు పైసలకు మించి దక్కడం లేదు. మిగతాదంతా జీతాలు, పెన్షన్లు, వడ్డీలు, పాత అప్పుల కిస్తీలు, సబ్సిడీలు, పథకాలు. ఆంధ్రప్రదేశ్ 33,185 కోట్ల రెవెన్యూ లోటు చూపించింది. రోజువారీ ఖర్చులకే అంత అప్పు చేస్తామని ముందే చెప్పేసిందన్నమాట. తెలంగాణ 2,738 కోట్ల మిగులు చూపించింది. ఇలాంటి మిగులు ఎంతవరకు నమ్మదగిందో కాసేపాగి చూద్దాం.

ఈ అంకెలు చూసి 'పథకాలు ఆపేయండి' అనడం తేలిక. కానీ అన్ని పథకాలూ మార్కెట్‌కు ఒకే తీరున నష్టం చేయవు. ఆంధ్రప్రదేశ్‌లో వృద్ధాప్య పింఛను నెలకు 4,000 రూపాయలు. ఆ డబ్బుతో ముసలావిడ మందులు కొనుక్కుంటుందో, మనవడి చేతిలో పెడుతుందో ఆమె ఇష్టం. ఏ వస్తువు ధరా చెడలేదు, ఏ దుకాణానికీ ప్రత్యేక హక్కు దక్కలేదు. మార్కెట్ వాదానికి పెద్దదిక్కు అనిపించుకున్న మిల్టన్ ఫ్రీడ్‌మన్ కూడా పేదలకు సాయం నగదు రూపంలోనే ఉండాలని 1960లలోనే చెప్పాడు. ఆ నాలుగు వేలు ఖజానాకు భారమా అంటే భారమే, దాని మీద వాదించుకోవచ్చు. దాన్నీ ఉచిత కరెంటునూ ఒకే గాటన కట్టడం మాత్రం బద్ధకం.

కరెంటు సంగతి వేరు. 1998లో ఉమ్మడి రాష్ట్రం విద్యుత్ సంస్కరణల చట్టం చేసింది. మరుసటి ఏడాది విద్యుత్ బోర్డు ఉత్పత్తికి జెన్‌కోగా, సరఫరాకు ట్రాన్స్‌కోగా విడిపోయింది. వెనకాల ప్రపంచ బ్యాంకు రుణం ఉంది. 2000లో చార్జీలు పెంచారు. దానికి నిరసన తెలిపినవాళ్ల మీద ఆగస్టు 28న హైదరాబాద్ బషీర్‌బాగ్‌లో పోలీసు కాల్పులు జరిగి ముగ్గురు చనిపోయారు. 2004 మే 14న ఎల్బీ స్టేడియంలో వైఎస్ రాజశేఖరరెడ్డి తొలి సంతకం చేసింది ఉచిత కరెంటు ఫైలు మీద. ఆ తర్వాత ఏ పార్టీ వచ్చినా దాన్ని కదిలించే సాహసం చేయలేదు.

ఉచిత కరెంటు రైతుకు నిజంగా ఉచితమా? బోర్ల కింద సేద్యం చేసే ఏ ఊళ్లోనైనా అడిగి చూడండి. కరెంటు ఎప్పుడు వస్తుందో తెలియని రోజుల్లో మోటారుకు ఆటోమేటిక్ స్టార్టర్ పెట్టుకున్నారు. రాత్రి కరెంటు రాగానే మోటారు దానంతటదే తిరుగుతుంది, మడి నిండినా తిరుగుతూనే ఉంటుంది. 2018లో 24 గంటల కరెంటు ఇచ్చినప్పుడు తెలంగాణ ప్రభుత్వమే ఆ స్టార్టర్లు తీసేయమని రైతుల్ని బతిమాలింది. నీళ్లు కిందికి పోతే పక్క చేలో ఇంకా లోతుకు బోరు పడుతుంది. అది చూసి ఇవతలాయన అప్పు చేసి మరో బోరు వేస్తాడు. లోడు ఎక్కువై ట్రాన్స్‌ఫార్మర్ కాలితే దాని కింద ఉన్న రైతులంతా చందాలేసుకుని ట్రాక్టర్ మీద తీసుకెళ్లాలి. మోటారు కాలితే వైండింగ్ ఖర్చు సొంతం. కరెంటు బిల్లు రాదు కానీ ఈ బిల్లులన్నీ వస్తాయి. నీళ్లు తోడటానికి ఎంత ఖర్చవుతుందో చెప్పే ధర లేకపోవడంతో, ఆ కబురు ఎండిన బోరు రూపంలో ఆలస్యంగా అందుతోంది.

ఖజానా వైపు ఇంకో చిక్కు. మీటరు లేదు కాబట్టి వ్యవసాయానికి ఎన్ని యూనిట్లు వెళ్లాయన్నది కరెంటు పంపిణీ చేసే డిస్కంల అంచనా. లైన్‌లో పోయింది, కొక్కేలేసి లాగింది, బిల్లు కట్టని ఆఫీసు వాడింది, ఏదైనా సరే ఆ అంచనాలో కలిపేసే వీలుంది. ఆ అంచనా మీదే సబ్సిడీ. ఆ సబ్సిడీ కూడా సమయానికి రాదు కాబట్టి డిస్కంలు అప్పు చేస్తాయి. 2017లో, డిస్కంల అప్పులు తీర్చే కేంద్ర పథకం ఉదయ్ కింద తెలంగాణ డిస్కంల అప్పులో ముప్పావు వంతు ప్రభుత్వమే నెత్తిన వేసుకుంది. మళ్లీ అప్పు పెరిగింది.

2020లో కేంద్రం ఒక మెలిక పెట్టింది. కరెంటు సంస్కరణలు చేస్తే అదనపు అప్పుకు అనుమతిస్తామంది. ఆంధ్రప్రదేశ్‌లో జగన్ ప్రభుత్వం మోటార్లకు మీటర్లు పెడతామని శ్రీకాకుళం జిల్లాలో మొదలెట్టింది. తెలంగాణలో కేసీఆర్ ససేమిరా అన్నారు. మీటర్లంటే రైతుల మెడకు ఉరితాళ్లన్న నినాదం రెండు రాష్ట్రాల్లోనూ మార్మోగింది.

మీటరు పెట్టాలనే నా వాదన. ఉచితం తీసేయక్కర్లేదు. నెలకు ఇన్ని యూనిట్లని లెక్కగట్టి, ఆ డబ్బు ముందుగానే రైతు ఖాతాలో వేసి, తక్కువ వాడితే మిగిలింది అతనికే వదిలేయొచ్చు. పంజాబ్ 2018లో ఇలాంటిదే కొన్ని ఫీడర్ల (ఊళ్లకు కరెంటు తెచ్చే లైన్ల) మీద మొదలెట్టి, ఆదా అయిన యూనిట్‌కు నాలుగు రూపాయలు ఇచ్చింది. అయితే మీటరంటే రైతుకున్న భయాన్ని మూఢనమ్మకంగా కొట్టిపారేసేవాళ్లు వంటగ్యాస్ సంగతి గుర్తు తెచ్చుకోవాలి. సబ్సిడీ బ్యాంకు ఖాతాలో వేస్తామన్నారు, వేశారు. 2020లో చాలామందికి అది చప్పుడు లేకుండా సున్నా అయింది. ముందు ఖాతాలో వేస్తారు, తర్వాత ఆపేస్తారన్న అనుమానం ఊహించుకున్నది కాదు, అనుభవంలోంచి వచ్చింది.

ఇక్కడ ఒక పాత ముచ్చట. తెలుగునాట మార్కెట్ రాజకీయానికి తొలి పెద్ద పేరు ఎన్.జి. రంగా, నిడుబ్రోలు రైతు నాయకుడు. 1959లో నాగపూర్ కాంగ్రెస్ సహకార సేద్యం తీర్మానం చేస్తే, రైతు పొలం మీద సర్కారు పెత్తనం ఏమిటని ఎదురుతిరిగి రాజాజీతో కలిసి స్వతంత్ర పార్టీ పెట్టారు. దానికి తొలి అధ్యక్షుడు ఆయనే. 1962లో ఆంధ్రప్రదేశ్ శాసనసభలో ఆ పార్టీకి 19 సీట్లు వచ్చాయి. అప్పట్లో మార్కెట్ వాదం రైతు వైపు నిలబడి మాట్లాడేది. ఇప్పుడు స్టూడియోలో కూర్చుని రైతుకు సుద్దులు చెబుతోంది.

ఇక మద్యం. 2017లో జీఎస్టీ వచ్చాక రాష్ట్రాలు సొంతంగా రేటు మార్చుకోగల పెద్ద ఆదాయాలు నాలుగే మిగిలాయి: మద్యం, పెట్రోలు-డీజిల్ మీద వ్యాట్, స్టాంపులు-రిజిస్ట్రేషన్లు, వాహన పన్ను. డబ్బు కావాలంటే చేయి మొదట మద్యం మీదికే పోతుంది. ఆంధ్రప్రదేశ్‌లో 2019 నుంచి 2024 దాకా ప్రభుత్వమే దుకాణాలు నడిపింది. ఊరూ పేరూ లేని బ్రాండ్లు, షాక్ కొట్టే ధరలు. దశలవారీ నిషేధం అని చెబుతూనే, మద్యం మీద వచ్చే ఆదాయాన్ని చూపించి కార్పొరేషన్ల పేరుతో వేల కోట్లు అప్పు తెచ్చారు. మద్యం తాగేవాళ్లు తగ్గితే అప్పెలా తీరుతుందని అడిగినవాళ్లకు జవాబు రాలేదు.

2024 అక్టోబరులో దుకాణాలు మళ్లీ ప్రైవేటుకిచ్చారు. చాలామంది 'హమ్మయ్య, మార్కెట్ వచ్చింది' అనుకున్నారు. ఏం మార్కెట్? 3,396 దుకాణాలకు దాదాపు 90 వేల దరఖాస్తులు. ఒక్కోదానికి తిరిగిరాని ఫీజు 2 లక్షలు. లాటరీ తీయకముందే ఖజానాకు 1,800 కోట్ల దాకా చేరింది. తెలంగాణలో 2023లో ఇదే పద్ధతిలో 2,600 కోట్లు దాటింది. షాపు రానివాళ్లదే ఆ డబ్బులో సింహభాగం. లైసెన్సుల సంఖ్య బిగించి, చిల్లర ధర ప్రభుత్వమే కట్టేసి, సరుకంతా ఒకే ప్రభుత్వ కార్పొరేషన్ ద్వారా కొనమంటే, వ్యాపారి పోటీపడాల్సింది కొనేవాడి కోసం అన్న సంగతి మర్చిపోయి లాటరీ చీటీ కోసం పోటీపడతాడు. లైసెన్స్ రాజ్ పోయిందని సంబరపడేవాళ్లు ఒకసారి జిల్లా కేంద్రంలో ఆ లాటరీ తీసే హాలుకు వెళ్లి, అక్కడున్న టెన్షన్ చూడాలి.

అమ్మేవాడి బాధ ఇంకోటి. 2025 జనవరిలో కింగ్‌ఫిషర్ బీరు తయారుచేసే యునైటెడ్ బ్రూవరీస్ తెలంగాణకు సరఫరా ఆపేస్తున్నామని ప్రకటించింది. ఏళ్ల తరబడి ధర పెంచనివ్వలేదు, పైగా ఇవ్వాల్సిన బాకీ ఇవ్వలేదన్నది వాళ్ల గోడు. కొన్ని రోజులకు సరఫరా మళ్లీ మొదలైంది, ఫిబ్రవరిలో ధర 15 శాతం పెరిగింది. రాష్ట్రమంతటికీ కొనేవాడు ఒక్కడే అయినప్పుడు, ఆ ఒక్కడూ బిల్లు ఆపితే చిన్న కంపెనీ అయితే ఏమైపోయేదో ఆలోచించండి.

భూముల మాట క్లుప్తంగా. 2023లో హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు, 158 కిలోమీటర్లది, 30 ఏళ్ల టోల్ హక్కుతో 7,380 కోట్లకు ఐఆర్‌బీ సంస్థకు లీజుకిచ్చారు. అదే ఏడాది ఆగస్టులో కోకాపేటలో ఎకరం 100 కోట్లు దాటి పలికింది. ప్రైవేటువాడు టోల్ వసూలు చేయడం నాకు సమ్మతమే. ముప్పై ఏళ్ల కాపు ఒకేసారి అమ్ముకుని ఆ ఏడాదే తినేయడం మాత్రం సంస్కరణ అనిపించుకోదు. భూమి అమ్మితే వచ్చినదాన్ని ఏటా వచ్చే ఆదాయంలా లెక్కేసుకుంటే బడ్జెట్ మిగులు కాగితం మీద బాగానే కనిపిస్తుంది. పైగా నగరం చుట్టూ అతిపెద్ద భూస్వామి ప్రభుత్వమే అయ్యాక, ఇళ్ల ధరలు దిగాలన్న కోరిక దానికెందుకు ఉంటుంది?

అసలు సంగతి బిల్లులు. మన ప్రభుత్వ ఖాతాలు నగదు పద్ధతిలో నడుస్తాయి. డబ్బు చేతులు మారితేనే ఖర్చు రాస్తారు. పని అయిపోయి, బిల్లు అప్‌లోడై, టోకెన్ నంబరొచ్చి, చెల్లింపు ఆగిపోతే అది లోటులో కనిపించదు. మార్చిలో ఆపిన బిల్లు ఆ ఏడాది లోటును తగ్గించి చూపిస్తుంది. బ్యాంకు అప్పుకు వడ్డీ ఉంటుంది, రాష్ట్రాల అప్పుకు హద్దు గీసే ఎఫ్‌ఆర్‌బీఎం చట్టం పరిమితి ఉంటుంది. కాంట్రాక్టర్ దగ్గర, ఆస్పత్రి దగ్గర, కాలేజీ దగ్గర చేసే ఈ అప్పుకు అలాంటి హద్దేదీ లేదు. ఆరోగ్యశ్రీ బకాయిల కోసం రెండు రాష్ట్రాల్లోనూ నెట్‌వర్క్ ఆస్పత్రులు ఎన్నిసార్లు సేవలు ఆపాయో పేపర్ చదివేవాళ్లకు తెలుసు. ఫీజు రీయింబర్స్‌మెంట్ కోసం 2025లో తెలంగాణ ప్రైవేటు కాలేజీలు బంద్ పెట్టాయి. ఇంకా కిందికి వెళ్తే, బడిలో మధ్యాహ్న భోజనం వండే మహిళలు కిరాణా కొట్లో పప్పు, నూనె, గుడ్లు అరువు తెచ్చి వండుతున్నారు. బిల్లు ఎప్పుడొస్తుందో హెడ్మాస్టరుకూ తెలియదు. కొట్టువాడు రెండో నెల మొహం చాటేస్తాడు. రాష్ట్ర ప్రభుత్వానికి ఆ మహిళ అప్పు పెడుతోంది, అదీ వడ్డీ లేకుండా.

చిన్న పరిశ్రమల చట్టం 2006 నుంచే ఉంది. 45 రోజుల్లో డబ్బు ఇవ్వకపోతే బ్యాంకు రేటుకు మూడు రెట్లు చక్రవడ్డీ కట్టాలంటుంది. ప్రభుత్వ శాఖ మీద ఆ చట్టం ప్రయోగించి తర్వాతి టెండర్ పోగొట్టుకునే ధైర్యం ఎవరికుంది? దాంతో తెలివైన కాంట్రాక్టర్ ఆలస్యాన్ని ముందే రేటులో కలిపేసుకుంటాడు. పలుకుబడి లేనివాడు టెండరే వేయడు. బిల్లు ముందుకు కదిలించుకోగలవాడే మిగులుతాడు. ప్రభుత్వం చేసే ప్రతి కొనుగోలు ఖరీదెక్కేది ఇక్కడే. ఏ పథకం పక్కనా ఈ అంకె వేయరు.

ప్రభుత్వం మారగానే మాత్రం ఈ లెక్కలన్నీ బయటికొస్తాయి. 2023 డిసెంబరులో తెలంగాణలో, 2024 జులైలో ఆంధ్రప్రదేశ్‌లో శ్వేతపత్రాలు వచ్చాయి, దిగిపోయినవాళ్ల అప్పులు పూసగుచ్చినట్టు చెప్పారు. తమ సొంత పాలన మూడో ఏటో నాలుగో ఏటో అలాంటి పత్రం పెట్టిన ముఖ్యమంత్రి ఎవరూ నాకు గుర్తులేరు. శాఖలవారీగా ఏ బిల్లు ఏ తేదీ నుంచి ఆగిందో మూడు నెలలకోసారి వెబ్‌సైట్లో పెట్టమనీ, ముందొచ్చిన బిల్లుకే ముందు డబ్బు ఇవ్వమనీ అడగడానికి కొత్త చట్టం, ప్రపంచ బ్యాంకు రుణం ఏవీ అక్కర్లేదు. వచ్చే మార్చిలో స్టూడియోకు వెళ్లే మార్కెట్ వాదులు ఉచితాల జాబితాతో పాటు ఈ ఒక్క డిమాండ్ కూడా జేబులో పెట్టుకెళ్తే బాగుంటుంది.