ఏరు తోడేసి కట్టిన వంతెన

ఏ నది మీదా లేని వంతెన ఒకటి ఏటా ఎండాకాలంలో మన హైదరాబాదులో వెలుస్తుంది. దాని పేరు బ్రిడ్జి కోర్సు. పదో తరగతి గట్టు నుంచి ఇంటర్మీడియట్ గట్టుకు పిల్లలను క్షేమంగా దాటిస్తుందట. మధ్యలో పారవలసిన వేసవి సెలవులను చుక్క మిగలకుండా తోడేశాక ఇక వంతెన ఎందుకో మాత్రం ఎవరూ అడగరాదు.

ఈ వంతెన సంగతి తెలియని అమాయకుడినై, మా అబ్బాయి పదో తరగతి పరీక్షలు కాగానే సకుటుంబంగా విహారయాత్రకు వెళ్లాలని సంకల్పించాను. రైలు టికెట్లు ఇదివరకు 120 రోజుల ముందే దొరికేవి. 2024 నవంబరు నుంచి ఆ గడువును 60 రోజులకు కుదించారు. అందుచేత ఏప్రిల్ ప్రయాణానికి ఫిబ్రవరిలోనే, అబ్బాయి ప్రీ ఫైనల్ పరీక్షల నడుమ, భోజనాల బల్ల దగ్గర అఖిలపక్ష సమావేశం ఏర్పాటు చేయవలసి వచ్చింది.

నా ప్రతిపాదన అరకు. సాయంత్రం గోదావరి ఎక్స్‌ప్రెస్ ఎక్కి, తెల్లవారేసరికి విశాఖపట్నంలో దిగి, అక్కడ అరకు మీదుగా వెళ్లే కిరండోల్ రైలు అందుకోవాలి. ఆ మార్గంలోని 58 సొరంగాలనూ 84 వంతెనలనూ, బొర్రా గుహలనూ కళ్లకు కట్టినట్లు వర్ణించి ఊపిరి పీల్చుకున్నాను. అబ్బాయి తల ఎత్తకుండానే సభాముఖంగా ఒకే ప్రశ్న వేశాడు.

"సొరంగాల్లో సిగ్నల్ ఉంటుందా, నాన్నా?"

ఎనిమిదో తరగతి చదువుతున్న అమ్మాయి గోవా తప్ప మరో ఊరి పేరు చర్చకే రాకూడదంది. శ్రీమతి ఊటీ అన్నది గాని, అక్కడికి ఈ-పాస్ తీసుకోవాలని తెలియగానే ఆ తీర్మానం వీగిపోయింది. అంతవరకు మౌనంగా ఉన్న మా అమ్మ, వాడి పదో తరగతి కోసం అన్నవరంలో వ్రతం మొక్కుకున్నానని, దారిలోనే కనుక తిరుగు ప్రయాణంలో దిగక తప్పదని ప్రకటించింది. దేవుడి మీద అవిశ్వాస తీర్మానం పెట్టే ధైర్యం ఎవరికీ లేకపోయింది. రెండు గంటల వాదోపవాదాల అనంతరం అరకు ఏకగ్రీవమైంది. నెగ్గించింది నా వాక్పటిమ కాదు, అక్కడి బొంగులో చికెన్. అలా ఐదు టికెట్లు కొన్నాను.

చివరి పరీక్ష శుక్రవారం ముగిసింది. ఆ సాయంత్రమే, జనవరిలో 'ఇప్పుడు కడితే రాయితీ' అని మా చేత అడ్వాన్సు కట్టించుకున్న జూనియర్ కాలేజీ పీఆర్వో ఫోన్ చేశాడు.

"సార్, మన బాబుకు సోమవారం నుంచి బ్రిడ్జి కోర్సు."

మా బాబు 'మన బాబు' ఎప్పుడయ్యాడో తెలియదు. వచ్చే వారం అరకు వెళుతున్నామని మనవి చేసుకున్నాను.

"నాలుగు రోజులు పోతే మిగతా పిల్లలు ముందుకు వెళ్లిపోతారు సార్."

ఎక్కడికి వెళతారు? వాళ్లనూ మీ గదిలోనే కూర్చోబెట్టారు కదా! వేసవి సెలవుల్లో తరగతులు పెట్టరాదనీ, షెడ్యూలుకు ముందు ప్రవేశాలు జరపరాదనీ ఇంటర్ బోర్డు ఏటా హెచ్చరిస్తుంది. ఆ హెచ్చరికను పత్రికలు ఏటా అచ్చువేస్తాయి. అదే పేజీలో కాలేజీల ప్రకటనలూ అచ్చవుతాయి. పాసయ్యాడో తప్పాడో ఇంకా ప్రభుత్వానికే తెలియని కుర్రవాడికి వీళ్లు సెక్షనూ రోల్ నంబరూ కేటాయించేశారు. వాడికి పదిహేనేళ్లు. ఏడాది పొడుగునా పొద్దున్నే స్టడీ అవర్‌కు వెళ్లి, చీకటి పడ్డాక ఇల్లు చేరి, కంచం ముందే కునుకు తీసినవాడు. వాడికి నాలుగు రోజులు ఇవ్వలేరా? రెండేళ్ల పాటు ఎలాగూ వాడి ఆదివారాలన్నీ మీవే కదయ్యా! సిగ్గుండాలి. వాళ్లకే కాదు, నాకూ ఉండాలి. ఎందుకంటే ఇన్ని మాటలూ ఫోన్ పెట్టేశాక అన్నవే. ఫోన్‌లో అన్నది మాత్రం "సరే సార్".

84 వంతెనలు దాటించబోయిన తండ్రిని ఈ ఒక్క వంతెన దగ్గరే ఆగిపోయాను. టికెట్లు రద్దు చేస్తే స్లీపర్‌కు తలకు 120 రూపాయల చొప్పున ఐదుగురికి ఆరు వందలు కోసుకున్నారు. అన్నవరం మొక్కు వాయిదా పడిందని మా అమ్మ రెండు రోజులు నాతో మాట్లాడలేదు.

సోమవారం వాణ్ణి నేనే దించి వచ్చాను. లోపలికి ఫోన్ తీసుకెళ్లకూడదని గేటు దగ్గర వాచ్‌మన్ చెప్పాడు. సొరంగాల్లో సిగ్నల్ గురించి బెంగపెట్టుకున్న ఆ పిల్లవాడు మారుమాట లేకుండా ఫోన్ నా చేతిలో పెట్టి లోపలికి వెళ్లిపోయాడు.