తడి పొడి వేరు చేయడం దండగ అని పిల్లలకి నేర్పకండి

పేరెంట్స్ గ్రూపుల్లో ఒక ఫార్వర్డ్ తెగ తిరుగుతోంది. స్కూళ్ళలో తడి చెత్త పొడి చెత్త అని చెప్పేదంతా టైమ్ వేస్టంట, వేరు చేసినా చెత్త ఆటోలో కలిపేస్తారంట, చివరికి అంతా హైదరాబాద్ చెత్త పోసే జవహర్‌నగర్ డంప్ యార్డ్‌కే పోయి మట్టిలో కలిసిపోతుందంట, మిగిలింది కాల్చి కరెంట్ చేస్తారంట. ఇందులో ఒక్క ముక్క కూడా పూర్తిగా నిలబడదు.

ముందు ఈ మట్టిలో కలిసిపోవడం సంగతి, పిల్లలు గట్టిగా నమ్మేసేది ఇదే కాబట్టి. అరటితొక్క పెరట్లో పాతితే కలిసిపోతుంది, అక్కడ గాలి ఆడుతుంది, వానపాములుంటాయి. డంప్ యార్డ్‌లో చెత్త మీద చెత్త పడి అణిగిపోయాక లోపలికి గాలే అందదు, అప్పుడు తిండి పదార్థాలు కుళ్ళి మీథేన్ అనే వాయువు పుడుతుంది. అమెరికాలో అరిజోనా యూనివర్సిటీ వాళ్ళు ల్యాండ్‌ఫిల్స్, అంటే చెత్త పూడ్చిన చోట్లు తవ్వితే దశాబ్దాల నాటి న్యూస్‌పేపర్లు చదువుకునేలా బయటపడ్డాయి. కాగితమే కలవలేదు, ఇంక ప్లాస్టిక్ కవర్ల సంగతి చెప్పాలా?

జవహర్‌నగర్‌లో పాత గుట్ట మీద కాపింగ్ చేశారు, నిజమే. అంటే కోటి టన్నులు దాటిన చెత్తకి వాన నీళ్ళు దిగకుండా పైన కప్పేశారు, లోపల చెత్త లోపలే ఉంది. ఆ గుట్టలోంచి ఊరిన నల్లటి నీళ్ళు, అదే లీచేట్, పక్కనున్న మల్కారం చెరువుని పాడుచేశాయి.

కరెంట్ అంటారా, అక్కడ ప్లాంట్ 2020లో మొదలైంది, కానీ సాంబారన్నం, కూరగాయ తొక్కలు కలిసిన చెత్త తడి ఆరందే సరిగ్గా మండదు, అంటే కరెంట్ కావాలన్నా వేరు చేయాల్సిందే. పైగా కాల్చాక బూడిద మిగులుతుంది, దాన్నీ ఎక్కడో ఒకచోట పోయాలి కదా.

ఆటోలో కలిపేయడం కొన్నిచోట్ల జరుగుతోంది, కాదనను. అది తప్పు, 2016లో వచ్చిన చెత్త నిర్వహణ రూల్స్ నుంచే వేరుగా తీసుకెళ్ళాలని ఉంది, అడగాల్సింది మనమే. అయినా ఆ ఆటో మీద నిలబడ్డ మనిషి మన కవర్ విప్పి అట్టలు, సీసాలు చేత్తో ఏరి అమ్ముకుంటాడు, పప్పు కారిన అట్టని ఎవరూ కొనరు, పగిలిన గాజుముక్కో ఇన్సులిన్ సూదో అందులోనే ఉంటే తెగేది ఆయన చెయ్యే. పిల్లలకి ముందు ఇది చెప్పండి, వెంటనే అర్థమవుతుంది.

రెండు కుండీల్లో ఒకదాంట్లో తొక్క, ఇంకోదాంట్లో చిప్స్ ప్యాకెట్ పాతి, నీళ్ళు చల్లుతూ రెండు నెలలాగి వాళ్ళతోనే తవ్వించండి. ఇంట్లో కంపోస్ట్ డబ్బా పెట్టుకుంటే తడి చెత్త అసలు ఆటోనే ఎక్కదు, ఇంక కలిపేయడానికి ఏముంటుంది?